నాలుగు దళాల క్లోవర్: కనికట్టు విప్పే ఆకు అదృష్టపు ఆకుగా ఎలా మారింది

ఇంగ్లండ్‌కి నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో 19వ శతాబ్దంలో సేకరించిన పల్లెకథ ఒకటి ఉంది. ఒక రైతు ఇంట్లో మంచి పాడి ఆవు ఉండేది. కొంత పాలిచ్చి, సగంలోనే చేపు దాచేసుకునేది. ఎంత దువ్వినా, ఎంత బుజ్జగించినా ఇక చుక్క రాలేది కాదు. ఒక సాయంత్రం పాలు పితికే పిల్ల, పాత్ర నెత్తికెత్తుకోబోతూ, పక్కనున్న గడ్డి గుప్పెడు పీకి చుట్టకుదురు చేసుకుంది. అది నెత్తిన పెట్టుకోగానే ఆవు చుట్టూ జనం కనిపించారు. బొమ్మలంత మనుషులు, పొదుగు కింద గుమిగూడి, ఆవు వాళ్ళకోసం దాచిన పాలు తాగుతున్నారు. ఇంటికెళ్ళి చెబితే యజమానురాలు చుట్టకుదురు విప్పి వెతికింది. గడ్డిలో నాలుగు దళాల క్లోవర్ ఆకు ఒకటి ఉంది. (క్లోవర్ అంటే మామూలుగా మూడు దళాలుండే నేలబారు మేత మొక్క, నాలుగో దళం అరుదు.) ఆమె ఆశకొద్దీ ఆవు పొదుగుకి చేపలు ఊరవేసిన ఉప్పునీళ్ళు పూసింది, ఆ మరుగుజ్జులకి ఉప్పు గిట్టదని. వాళ్ళు రావడం మానేశారు. ఆవు మాత్రం వాళ్ళ మీద బెంగతో చిక్కి శల్యమైపోయింది.

కథలో ఆకు ఎవరికీ డబ్బు తెచ్చిపెట్టలేదు, పందెం గెలిపించలేదు. అది చేసిన పని ఒకటే: అక్కడే ఉన్నా కంటికి ఆననిదాన్ని చూపించింది. అది చూసిన ఇంటికి చివరికి మిగిలింది నష్టమే. ఇవాళ గొలుసుల మీద, గ్రీటింగ్ కార్డుల మీద, లాటరీ ప్రకటనల మీద కనిపించే అదృష్ట చిహ్నానికీ ఈ పాత ఆకుకీ మధ్య చాలా దూరం ఉంది. నాలుగు దళాల క్లోవర్ మీద ఉన్న నమ్మకాలన్నిటినీ ఒకే మూటగా కట్టి 'అదృష్టం' అని చీటీ అంటించడం వల్ల ఈ తేడా మరుగున పడింది.

గ్రిమ్ సోదరుల సేకరణలోని 149వ కథ ఇదే విషయాన్ని ఇంకా సూటిగా చెబుతుంది. సంతలో ఒక గారడీవాడు కోడిపుంజు చేత పెద్ద దూలాన్ని ఎత్తించి, ఈకలా మోయిస్తుంటాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుంటారు. అప్పుడే నాలుగు దళాల క్లోవర్ దొరికిన ఒక అమ్మాయి అక్కడికి వస్తుంది. ఆమె కంటికి కోడి మోస్తున్నది గడ్డిపరక. ఆ మాట పైకి అనేసరికి కనికట్టు విడిపోయి, జనం గారడీవాణ్ణి తరిమేస్తారు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి పెళ్ళి. పెళ్ళి ఊరేగింపు పొలాల మీదుగా వెళుతుంటే ఎదురుగా పొంగుతున్న వాగు కనిపించింది. పెళ్ళికూతురు గబగబా గౌను పైకెత్తి దిగింది. పక్కనే గారడీవాడి గొంతు: నీ కళ్ళేమయ్యాయి, దీన్ని నీళ్ళనుకుంటున్నావా అని. తీరా చూస్తే ఆమె నిలబడ్డది నీలంగా పూసిన అవిసె చేలో. మయసభలో నేలని నీరనుకుని బట్టలు పైకెత్తిన దుర్యోధనుడు తెలుగు పాఠకుడికి వెంటనే గుర్తొస్తాడు. అక్కడ నవ్వు కురుక్షేత్రం దాకా వెళ్ళింది, ఇక్కడ పెళ్ళివారి నవ్వుతో ఆగింది. కోడి, దూలం, క్లోవర్ ఉన్న ఈ కథ యూరప్‌లో చాలాచోట్ల వినిపిస్తుంది. జానపద కథల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి 987 అని ఒక సంఖ్యే ఇచ్చారు.

ఇదే వరసలో, జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో ఈ ఆకు దగ్గరుంచుకుని చర్చికి వెళితే జనంలో మంత్రగత్తెలెవరో తెలిసిపోతుందని అనుకునేవారు. బ్రిటన్ కథల్లో, రాసుకుంటే దేవతాజాతి మనుషులు కనబడే లేపనం ఒకటి వస్తుంది. అది ఈ ఆకులతోనే చేస్తారని చెప్పుకునేవారు, అంటే మన అంజనం లాంటిదే. అదృష్టం అన్న మాటకి మన దగ్గర అసలు అర్థం 'కనబడనిది' అని గుర్తుచేసుకుంటే, కనబడనిదాన్ని చూపించే ఆకుకి కాలక్రమంలో అదృష్టపు ఆకు అని పేరు రావడం వింతగా తోస్తుంది. అయితే ఇది సంస్కృతమో, ఆ మాటని తీసుకున్న తెలుగు లాంటి భాషలో తెలిసినవాళ్ళకి దొరికే చమత్కారం.

నమ్మకం ఎంత పాతది?

సంపద తెచ్చే ఆకు అన్న పాయ కూడా తక్కువ పాతదేం కాదు. నూలు వడుకుతూ ఆడవాళ్ళు చెప్పుకునే నమ్మకాల పేరుతో 15వ శతాబ్దంలో వచ్చిన ఒక ఫ్రెంచి పుస్తకం 16వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఇంగ్లీషులోకి వచ్చింది. నాలుగు దళాల క్లోవర్ దొరికి, దాన్ని భక్తిగా దాచుకున్నవాడు బతికినంతకాలం ధనవంతుడిగా ఉంటాడని అందులో ఉంది. ఇక ఎక్కువమంది ఉదహరించే సాక్ష్యం 1620 నాటిది. పొలంలో నడుస్తూ నాలుగు ఆకుల గడ్డిని చూసినవాడికి కొద్దికాలంలోనే మంచి వస్తువేదో దొరుకుతుందని జాన్ మెల్టన్ అనే ఆంగ్ల రచయిత రాశాడు. ఈ వాక్యాన్ని ఎత్తి చూపేవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. మెల్టన్ ఆ పుస్తకం రాసింది జ్యోతిష్కులని ఎగతాళి చెయ్యడానికి. ఆ వాక్యం జనం నమ్మే పిచ్చి నమ్మకాలంటూ అతను ఇచ్చిన జాబితాలోది. అంటే ఈ నమ్మకానికి అందరూ చూపించే సాక్షి దాన్ని వెక్కిరించినవాడే.

ఇంతకన్నా వెనక్కి వెళ్ళే కథలకి పునాది గట్టిగా లేదు. కెల్టిక్ పురోహితులైన డ్రూయిడ్లు ఈ ఆకు పట్టుకుని దెయ్యాలని చూసేవారని ప్రతిచోటా రాస్తుంటారు. డ్రూయిడ్లు తమ విద్యని రాతలో పెట్టలేదు. వాళ్ళ గురించి రోమన్లు రాసిన కొద్దిపాటి వివరాల్లో ప్రముఖంగా కనిపించే మొక్క ఓక్ చెట్టు మీద పెరిగే బదనిక జాతి మిసల్‌టో, క్లోవర్ కాదు. స్వర్గం నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఈవ్ గుర్తుగా ఒక నాలుగు దళాల ఆకు తెచ్చుకుందన్న కథ అందంగా ఉంటుంది కానీ బైబిల్లో లేదు. నాలుగు దళాలు శిలువ ఆకారంలో ఉండడం చూసి క్రైస్తవ సమాజంలో పుట్టిన ఊహగా దాన్ని తీసుకోవచ్చు.

ఐర్లండ్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఐర్లండ్ చిహ్నం షామ్‌రాక్. దానికి మూడే దళాలు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దైవమని సెయింట్ ప్యాట్రిక్ ఈ మూడు దళాల ఆకు చూపించి బోధించాడని చెబుతారు. ప్యాట్రిక్ 5వ శతాబ్దపు మనిషి, ఈ కథ రాతలో మొదట కనిపించేది కేలెబ్ థ్రెల్‌కెల్డ్ 1726లో ప్రచురించిన ఐరిష్ మొక్కల పుస్తకంలో. మారేడు దళంలోని మూడింటిని శివుడి మూడు కళ్ళుగా, మూడు గుణాలుగా చెప్పుకున్నవాళ్ళకి ఈ ఆలోచన కొత్తగా ఉండదు. మార్చి 17న ప్యాట్రిక్ పండగ రోజు నాలుగు దళాల బొమ్మ పెట్టుకుంటే ఐరిష్ వాళ్ళు నవ్వుకోవడమో నొచ్చుకోవడమో చేస్తారు. నాలుగో దళం వచ్చిందంటే ఆ త్రిత్వం లెక్కే తప్పిపోతుంది మరి. షామ్‌రాక్ అంటే ఏ మొక్క అన్నది కూడా తేలిన విషయం కాదు. 1988లో చార్లెస్ నెల్సన్ అనే వృక్షశాస్త్రవేత్త దేశమంతటినుంచీ నమూనాలు తెప్పిస్తే, అందులో 46 శాతం చిన్న పసుపు పూల క్లోవర్, 35 శాతం తెల్ల క్లోవర్. మిగిలినవాటిలో పులిచింత జాతి మొక్కలు కూడా ఉన్నాయి.

ఒక్కొక్క దళానికి ఒక్కొక్క అర్థం ఇంకా ఇటీవలిది. ఆశ, విశ్వాసం, ప్రేమ, నాలుగోది అదృష్టం అన్న పంపకం జనంలోకి బాగా వెళ్ళింది అమెరికన్ కవయిత్రి ఎల్లా హిగిన్సన్ 1890లో ప్రచురించిన చిన్న కవితతో. మొదటి మూడూ బైబిల్లో పౌలు లేఖ నుంచి వచ్చినవే. కీర్తి, సంపద, నమ్మకమైన ప్రేమ, ఆరోగ్యం అని చెప్పే పాట వేరుగా ఉంది. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు బడుల్లో చూసే 4-హెచ్ అనే పిల్లల సంఘం గుర్తులోని నాలుగు దళాలకి అర్థాలు మళ్ళీ వేరు: తల, గుండె, చేతులు, ఆరోగ్యం. ఇంగ్లీషులో నాలుగూ హెచ్‌తోనే మొదలవుతాయి. ఎవరికి కావలసిన నాలుగు మాటలు వాళ్ళు దళాలకి కట్టుకున్నారు.

ఒకదానితో ఒకటి పడని నియమాలు

పాత నమ్మకంలో గట్టి నియమం ఒకటుంది: ఆకు తనంతట తాను కంటపడాలి, వెతికితే పనిచెయ్యదు. జర్మన్ ప్రాంతాల్లో ఇది బాగా వినిపించేది. ప్రయాణానికి వెళ్ళేవాడి బట్టల్లో అతనికి తెలియకుండా కుట్టి పంపడం కూడా ఇలాంటిదే. తెలిస్తే ఫలం పోతుంది. ఇంకొకరికి ఇస్తే అదృష్టం రెట్టింపవుతుందని కొందరూ, ఇచ్చినవాడిది పోతుందని కొందరూ అంటారు. అయిదు దళాలది కొన్నిచోట్ల డబ్బుకి సంకేతం, కొన్నిచోట్ల అరిష్టం. రెండు దళాలదాన్ని కుడి బూటులో పెట్టుకుంటే ఆ దారిలో మొదట ఎదురైన మగవాడో, ఆ పేరున్నవాడో మొగుడవుతాడని ఇంగ్లండ్ ఆడపిల్లల పాట. ఈ రెండు దళాల ఆకు చాలాసార్లు పురుగు కొరికినదో, తొక్కిడికి ఒక దళం రాలినదో అయి ఉంటుంది. ఆడపిల్లల ఆశ ముందు అది పెద్ద అడ్డంకి కాదు.

వెతకకూడదన్న నియమంలో ఒక లెక్క దాగి ఉంది. అనుకోకుండా దొరికితేనే అరుదు. పనిగట్టుకుని, పద్ధతిగా వెతికేవాడికి అది అరుదుగా ఉండదు. ఎందుకన్నది మొక్కని చూస్తే తెలుస్తుంది.

మొక్క సంగతి

తెల్ల క్లోవర్ చిక్కుడు కుటుంబానికి చెందిన నేలబారు మొక్క. శాస్త్రీయ నామం ట్రైఫోలియం రెపెన్స్, అంటే మూడాకులది, పాకేది. 'నాలుగాకులు' అన్నా నిజానికి అది ఒకే ఆకు. మారేడులో లాగే ఒక కాడ కొసన మూడు దళాలు ఉంటాయి, ఎప్పుడైనా నాలుగోది వస్తుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకి పట్టిస్తుంది. మన రైతులు జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి కలియదున్నేది ఇందుకే. రసాయన ఎరువులు లేని రోజుల్లో యూరప్ రైతుకి క్లోవర్ అంటే పశువుకి మేత, పొలానికి సత్తువ. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌ని మార్చిన నాలుగు పంటల మార్పిడిలో గోధుమ, టర్నిప్, బార్లీతో పాటు నాలుగోది క్లోవర్. అసలు సంపద తెచ్చింది మూడు దళాల మామూలు ఆకే, దాని గొప్పంతా అరుదైన నాలుగోదాని ఖాతాలో పడింది. మితిమీరి మేస్తే కడుపుబ్బి పశువు చచ్చిపోయే ప్రమాదం కూడా ఇందులో ఉందని పశువులున్నవాళ్ళకి తెలుసు.

నాలుగో దళం ఎందుకొస్తుంది? తెల్ల క్లోవర్ రెండు వేరు జాతుల కలయికతో ఏర్పడింది. అందువల్ల జన్యువుల ప్రతులు మామూలుగా ఉండే రెండుకి బదులు నాలుగు ఉంటాయి, క్రోమోజోములు 32. ఈ చిక్కువల్ల ఒక లక్షణానికి కారణమైన జన్యువుని పట్టుకోవడం కష్టం. జార్జియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో, దళాల సంఖ్యని మార్చే జన్యువు క్రోమోజోము మీద ఏ భాగంలో ఉందో గుర్తించారు. అది ఉన్నంతమాత్రాన ప్రతి ఆకూ నాలుగు దళాలతో రాదు, ఎండా చలీ లాంటి పరిస్థితులు కూడా కలిసిరావాలి. అందుకే ఒకే మొక్కకి పక్కపక్కనే మూడు దళాలవీ, నాలుగువీ కనిపిస్తాయి.

ఎన్నింటికి ఒకటి? పదివేలకి ఒకటి అన్నది చాలాకాలంగా చెప్పే మాట. 2017లో స్విట్జర్లాండ్ నుంచి కొందరు యూరప్‌లో 57 లక్షల ఆకులు పరిశీలించి చెప్పిన లెక్క 5,076కి ఒకటి. అయిదు దళాలది 24,390కి ఒకటి, ఆరు దళాలది 3,12,500కి ఒకటి. ఇక్కడ చాలామంది పడే పొరపాటు, 5,076 ఆకులు చూస్తే ఒకటి ఖాయంగా దొరుకుతుందనుకోవడం. ఆ సంఖ్య సగటు మాత్రమే. అన్ని ఆకులు చూశాక కనీసం ఒకటి దొరికే అవకాశం సుమారు 63 శాతం. సగానికి సగం అవకాశం కావాలంటే దాదాపు 3,500 ఆకులు చాలు, 95 శాతం భరోసా కావాలంటే 15,200 చూడాలి.

ఈ లెక్క కూడా ఆకులు ఎక్కడపడితే అక్కడ సమంగా చల్లినట్టు ఉంటేనే నిలుస్తుంది. అలా ఉండవు. 2018లో అమెరికాలోని వర్జీనియాలో ఒక మహిళ గంటలో 166 నాలుగు దళాల ఆకులు కోసి గిన్నిస్ రికార్డు సాధించింది. అయిదు వేలకి ఒకటి చొప్పున అయితే ఆమె గంటలో ఎనిమిది లక్షల నలభై వేల ఆకులు, అంటే క్షణానికి 230కి పైగా చూసి ఉండాలి. మనిషి వల్ల అయ్యే పని కాదు. పెన్సిల్వేనియాలో ఒక ఖైదీ కేవలం జైలు ఆవరణల్లోనే వెతికి 72,927 పోగుచేశాడు, 1995లో ఎక్కువ ఆకులు సేకరించిన రికార్డు అతనిదే. తాళం వేసిన గోడల మధ్య అన్ని దొరికాయంటే, ఆకులు గుంపులుగా ఉంటాయన్నమాట. క్లోవర్ తీగ నేలమీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేరు తన్ని కొత్త మొక్కవుతుంది. అవన్నీ ఒకే తల్లి మొక్కకి నకళ్ళు. నాలుగో దళం వచ్చే గుణం ఒకదానికి ఉంటే ఆ చుట్టుపక్కల అన్నిటికీ ఉంటుంది.

వెతికే పద్ధతి

ఈ గుంపుల సంగతి తెలిస్తే పని తేలిక. ఒకటి దొరికిన చోటు నుంచి కదలకుండా, చుట్టూ మూరెడు మేర మొదట వెతకాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు, ఒకటి దొరికిన ఆనందంలో ఇంకో చోటికి వెళ్ళిపోవడం. గుర్తు పెట్టుకుని రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ అక్కడికే వెళితే కొత్త చిగుళ్ళలో ఇంకా దొరుకుతాయి.

ఆకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టకూడదు. పది నిమిషాల్లో కళ్ళు అలిసిపోయి మూడుని నాలుగుగా చూపిస్తాయి. ప్రతి దళం మీదా తెల్లటి వంపు గీత ఉంటుంది. మూడు దళాలుంటే ఆ గీతలు కలిసి త్రికోణంలా, నాలుగుంటే చదరంలా కనిపిస్తాయి. చూపుని ఒక ఆకు మీద నిలపకుండా, నేల మీద నెమ్మదిగా జరుపుతూ త్రికోణాల మధ్య చదరం కోసం చూడాలి. బియ్యంలో రాయి ఏరేటప్పుడు గింజ గింజా చూడం, తేడా ఉన్నది కంటికి తగులుతుంది. ఇదీ అలాంటిదే. నిలబడి చూస్తే చదరాలు కలిసిపోతాయి, బోర్లా పడుకుని చూస్తే ఆకులు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. గొంతుక్కూర్చుని చూసే దూరం సరిపోతుంది. అరచేత్తో ఆకుల పైభాగాన్ని అలా నిమిరి వదిలితే అడుగునున్నవి కూడా పైకి తేలతాయి.

వేళ కూడా ముఖ్యమే. క్లోవర్ రాత్రి దళాలు ముడుచుకుంటుంది. తెల్లవారుజామున వెళితే మడిచిన ఆకులే కనిపిస్తాయి, పూర్తిగా విచ్చుకున్నాక వెళ్ళాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ తెల్ల గీతల్ని మింగేస్తుంది. మబ్బు పట్టిన పగలు అన్నిటికన్నా మంచిది.

దొరికిందనుకున్నదాన్ని కోసేముందు కాడ దాకా చూడాలి. నాలుగు దళాలూ ఒకే కాడ కొసన, ఒకే బిందువు దగ్గర కలవాలి. రెండు ఆకులు ఒకదానిమీద ఒకటి పడి నాలుగులా కనిపించడం సర్వసాధారణం. ఒక దళం నిలువునా చిరిగి రెండుగా కనిపించడం ఇంకొకటి. చిరిగినదైతే ఒక అంచు నునుపుగా ఉండదు, తెల్ల గీత మధ్యలో తెగిపోతుంది. నాలుగో దళం మిగతావాటికన్నా చిన్నగా ఉంటే అనుమానించనక్కర్లేదు, చాలావాటిలో అలాగే ఉంటుంది.

మన దగ్గర పెరిగే నాలుగు దళాలు

తెల్ల క్లోవర్ చల్లటి వాతావరణపు మొక్క. మన దేశంలో హిమాలయాల్లో, నీలగిరుల్లో పెరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో దాదాపు కనబడదు. ఇక్కడ పెరట్లో, పూలకుండీల్లో కనిపించే హృదయాకారపు మూడు దళాల మొక్క పులిచింత. నమిలితే పుల్లగా ఉంటుంది, పువ్వు పసుపు. క్లోవర్ దళం గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది, పులిచింత దళం మధ్యలో లోతుగా నొక్కినట్టు ఉంటుంది. రెండూ వేరు వేరు కుటుంబాలవి.

వరిమళ్ళలో, కాలవ గట్ల వెంట నీళ్ళలో అచ్చం నాలుగు దళాలతో పెరిగే మొక్కని చూసి ఫొటో తీసి అదృష్టమని పంచుకునేవాళ్ళు ఎక్కువ. అది మార్సిలియా, క్లోవర్ కాదు. చిక్కుడు కుటుంబం సరే, అసలు పూలు పూసే మొక్కే కాదు, ఫెర్న్ జాతిది. దానికి ప్రతి ఆకూ నాలుగు దళాలతోనే వస్తుంది, కాబట్టి అరుదు అన్న మాటే లేదు. తమిళులు ఆరైకీరై అని, బెంగాలీలు శుష్ని శాకం అని కూరగా వండుకుంటారు. ఆయుర్వేదంలో దీని పేరు సునిషణ్ణకం, నిద్ర పట్టించే కూరగా చెబుతారు. అదృష్టం ఎలా ఉన్నా నిద్ర పడుతుందంటే చాలామందికి అదే మేలు.

జర్మనీలో కొత్త సంవత్సరానికి చిన్న కుండీలో, చిమ్నీ శుభ్రం చేసేవాడి బొమ్మ గుచ్చి అమ్మే 'అదృష్ట క్లోవర్' కూడా అసలుది కాదు. అది మెక్సికో నుంచి వచ్చిన ఆక్సాలిస్ టెట్రాఫిల్లా, మన పులిచింతకి దాయాది. దుంప నాటితే ప్రతి ఆకూ నాలుగు దళాలతో వస్తుంది, మధ్యలో ముదురు ఊదా రంగు మచ్చ ఉంటుంది. ఆన్‌లైన్లో 'నాలుగు దళాల క్లోవర్ విత్తనాలు' అని అమ్మేవాటిని కొనేముందు ఆలోచించాలి. అసలు క్లోవర్ విత్తనం పరాగ సంపర్కంతో వస్తుంది కాబట్టి తల్లి గుణం పిల్లకి రావాలని లేదు. గుణం నిలవాలంటే కణుపు ఉన్న తీగముక్క నాటాలి.

తాయెత్తు నిజంగా పనిచేస్తుందా?

2010లో జర్మనీలోని కొలోన్‌లో చేసిన ఒక ప్రయోగంలో, ఇది అదృష్టపు బంతి అని చెప్పి ఇచ్చినవాళ్ళు గోల్ఫ్ బంతిని గుంతలోకి మిగతావాళ్ళకన్నా బాగా కొట్టారని ప్రకటించారు. నమ్మకం ధైర్యాన్నీ, ధైర్యం పట్టునీ పెంచిందని వివరణ ఇచ్చారు. పత్రికలు చాలాకాలం దీన్నే వాడుకున్నాయి. 2014లో అమెరికాలో ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ తేడా కనబడలేదు. ఈ రెండో వార్తకి మొదటిదానంత ప్రచారం రాలేదు.

తాయెత్తు కథల్లో బాగా తెలిసినది ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో కార్లది. 1923 ఏప్రిల్లో సిసిలీలో జరిగిన టార్గా ఫ్లోరియో పందేనికి ముందు, ఎప్పుడూ గెలుపు అంచున ఆగిపోయే ఊగో సివోచ్చి అనే డ్రైవరు తన కారు మీద తెల్ల చదరం, అందులో ఆకుపచ్చ నాలుగు దళాల క్లోవర్ వేయించుకున్నాడు. గెలిచాడు. అదే సెప్టెంబరులో మోంజా ట్రాక్ మీద కొత్త పీ1 కారుని పరీక్షిస్తుండగా ప్రమాదంలో చనిపోయాడు. ఆ కారుకి క్లోవర్ ఇంకా వెయ్యలేదు, పైగా సంఖ్య 17, ఇటలీలో అరిష్టంగా భావించే అంకె. అప్పటినుంచి కంపెనీ కార్ల మీద క్లోవర్ చదరంలో కాక త్రికోణంలో వేస్తోంది, పోయిన మూల పోయిన మనిషికి గుర్తుగా. కొత్త కారు, ఇంకా పరీక్షలోనే ఉన్న యంత్రం, వేగం. ప్రమాదానికి వెతకాల్సిన కారణాలు ఇవి. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం వెయ్యని బొమ్మనీ, వేసిన అంకెనీ. ఆకు ఉండీ ఓడిపోయిన కార్ల జాబితా ఎవరూ రాసుకోలేదు కాబట్టి ఈ కథకి ఎదురు లేకుండా పోయింది.

దాచిపెట్టడం

దొరికిన ఆకు గంటలోపు వాడి ముడుచుకుంటుంది. రెండు అంగుళాల కాడతో కోసి, తడిపిన కాగితంలో చుట్టి ఇంటికి తేవాలి. వాడినా, కాడ గ్లాసు నీళ్ళలో పెడితే కాసేపట్లో తేరుకుంటుంది. తడి పూర్తిగా అద్ది, దళాలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా వేలితో సర్ది, గీతలు లేని పల్చటి కాగితాల మధ్య పెట్టి లావుపాటి పుస్తకంలో నొక్కాలి. అచ్చువేసిన పేజీల మధ్య నేరుగా పెడితే సిరా అంటుకుంటుంది, గళ్ళ గళ్ళ టిష్యూ వాడితే ఆ గళ్ళు ఆకు మీద ముద్రపడతాయి. మొదటి రెండు రోజులూ కాగితం మార్చాలి. మార్చకపోతే చెమ్మ నిలిచి ఆకు గోధుమరంగుకి తిరుగుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. వారం రోజులకి కరకరలాడేలా ఆరుతుంది.

పచ్చి ఆకుని నేరుగా లామినేషన్ చేయించడం ఎక్కువగా జరిగే తప్పు. వేడికి ఆకులో ఉన్న నీరు ఆవిరై ప్లాస్టిక్ లోపల బుడగలు కడుతుంది, నాలుగైదు రోజుల్లో ఆకు నల్లబడుతుంది. రెజిన్‌లో పోసి లాకెట్ చేయించాలన్నా పూర్తిగా ఆరినదాన్నే ఇవ్వాలి. ఎండినది పెళుసుగా ఉంటుంది కాబట్టి వేళ్ళతో కాక పట్టకారుతో, కాడ దగ్గర పట్టుకుని ఎత్తాలి. వెలుతురు తగిలే గోడకి తగిలిస్తే పచ్చదనం కొన్ని నెలల్లో వెలిసిపోయి ఎండుగడ్డి రంగుకొస్తుంది. ఏళ్ళ తరబడి నిగనిగలాడే పచ్చరంగుతో అమ్మకానికి కనిపించే ఆకులకి చాలావరకు రంగు వేసి ఉంటారు.